మెరవణిలో ఎర్ర కారు

గాలితో పోటీ పడి ఉరకడానికి పుట్టిన కారును, నడిచే మనుషుల వెనక నడిపించడమే తిప్పేష్ బతుకుతెరువు. అనంతపురం చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపును మెరవణి అంటారు. దానికి ఒకప్పుడు గుర్రం ఉండేది, తర్వాత పూల జీపు వచ్చింది. ఆ తర్వాత తిప్పేష్ ఎర్ర కారు వచ్చింది. రెండే తలుపులు, టాపు లేదు, నేలకు ఆనుకుని పడుకున్నట్టుండే స్పోర్ట్స్ కారు. వెనక భాగం మీద పరుపు వేసి పెళ్లికొడుకును, పెళ్లికూతురిని ఎత్తున కూర్చోబెడితే, కింద స్టీరింగు దగ్గర తిప్పేష్ తల మాత్రం కనిపించేది. ఫొటోల్లో ఆ తలను కూడా కత్తిరించేసేవాళ్లు.

అతనిది కంబదూరు దగ్గర పల్లె. నాయన బసప్ప మబ్బును నమ్ముకుని శనక్కాయ వేసేవాడు. మబ్బు మోసం చేసిన ఏడాది విత్తిన గింజలు కూడా ఇంటికి వచ్చేవి కావు. మీసాలు సరిగ్గా మొలవకముందే తిప్పేష్ బోరు లారీ ఎక్కాడు. ఎన్ని ఊళ్లు తిరిగాడో, ఎన్ని పొలాల్లో నీళ్లకు బదులు తెల్ల దుమ్ము పైకి లేవడం చూశాడో అతనికే గుర్తులేదు. ఆ దుమ్ము పడక బెంగళూరు పోయాడు. ఊరి బయట ఒక గ్యారేజీలో పనికి కుదిరాడు. డబ్బున్న కుర్రాళ్లు ఆదివారాల్లో పందేలు వేసుకునే కార్లను అక్కడ పెట్టేవాళ్లు. వాటిని కడగడం, తుడవడం, ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకు మార్చడం తిప్పేష్ పని.

ఎర్ర కారు అక్కడే పట్ట కింద పడి ఉండేది. దాని యజమాని ఇంజిను కాగిపోతున్నా ఆపకుండా తోలాడు. హెడ్ గ్యాస్కెట్ పోయింది. అతను వేరే కారు కొనుక్కుని దీన్ని మరిచిపోయాడు. గ్యారేజీ స్థలం ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, తుక్కు వ్యాపారికి ఇచ్చేదేదో నువ్వే తీసుకుపొమ్మన్నారు తిప్పేష్‌ను. అతను దాన్ని లారీ మీద వేసుకుని అనంతపురంలో భార్యాబిడ్డలు ఉంటున్న తన ఇంటి ముందు దించాడు.

అతని భార్య ఉమాదేవి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మనం నలుగురం ఉండాము. దీంట్లో ఇద్దరే పడతారు కదా," అంది.

తాడిపత్రి రోడ్డులో లారీ ఇంజిన్లు విప్పే రాజేంద్ర, తిప్పేష్‌కు బోరు లారీ రోజుల నుంచి దోస్తు. నాలుగు సిలిండర్ల ఆ ఇంజినును బాగుచేసింది అతనే. పని చేస్తూ, పాత గ్యాస్కెట్‌ను తీసి తిప్పేష్ చేతిలో పెట్టాడు. గోరు మందం కూడా లేని రేకు. ఒకచోట కాలి నల్లబడి తెగిపోయి ఉంది.

"ఇంజినుకు పైనుండేది హెడ్డు, కిందుండేది బ్లాకు. ఈ రేకు రెండిట్ల నడుమ కూచుంటాది. ఒగపక్క మంటను ఆపల్ల, ఒగపక్క నీళ్లను ఆపల్ల, ఇంగో పక్క ఆయిల్‌ను ఆపల్ల. మూడిట్లను కలవనీకుండా చూసేదే దీని పని. ఇంజిను ఎక్కువ కాగిందనుకో, హెడ్డు వంగుతాది. సందు పడతాది. నీళ్లు పోయి ఆయిల్‌లో కలుస్తాయి. అంతే, కత ముగిసినట్లే."

"కాగకుండా చూసుకుంటే?"

"చూసుకుంటే ఇది నీకన్నా ఎక్కువ కాలం బతుకుతాది. కానీ తిప్పేషా, ఉరికేటప్పుడు ఎదురుగాలి తగిలి రేడియేటర్ సల్లగుంటాది. నువ్వేమో దీన్ని పెండ్లిండ్లకు తిప్పుతానంటాండావు. నడిపిస్తే దీనికి జొరం వస్తాది."

తిప్పేష్ ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. పసిపిల్లను సాకినట్టు సాకాడు. అక్కడి బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర అంటుకుంటుందని ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. ఆ పొరే రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటే నీళ్లు తిరగవు. అందుకని కూలెంటు, బ్యాటరీలకు పోసే శుద్ధమైన నీళ్లు తప్ప వేరే చుక్క పోసేవాడు కాదు. ప్రతి మెరవణికీ ముందు గొట్టాలు నొక్కి చూసేవాడు, ఫ్యాను తిరుగుతోందో లేదో చూసేవాడు, ఆయిల్ కడ్డీ తీసి రంగు చూసేవాడు. కారు మాట వినేది. వినంది మనుషులు.

పెళ్లివాళ్లు వచ్చి కారు మాట్లాడుకునేటప్పుడే అతను చెప్పేవాడు. పాటకొకసారి కొంచెం దూరమన్నా ఆగకుండా పోవాలని, మీటరులో వేడి చూపే ముల్లు మీదికొస్తే ఇంజిను ఆపుతానని, అప్పుడు ఎవరూ ఏమీ అనకూడదని. అందరూ సరేనప్పా అనేవాళ్లు. మెరవణి మొదలయ్యాక ఆ సరే ఎటుపోయేదో తెలిసేది కాదు. కారు ముందు పది మంది ఎగురుతుంటే పదకొండో మనిషి వచ్చి చేరేవాడు. తిప్పేష్ ఒక కన్ను వాళ్ల కాళ్ల మీద, ఒక కన్ను ముల్లు మీద పెట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ కూర్చునేవాడు. ఏ పెళ్లిలోనూ అతను కడుపునిండా భోజనం చేసింది లేదు.

బుక్కరాయసముద్రంలో ఆనంద్, జ్యోతిల పెళ్లికి పోయింది మే నెలలో. సాయంత్రమైనా రోడ్డు పెనంలాగే ఉంది. పెళ్లికొడుకు మేనమామ గిరి అన్నీ తానే అయి తిరుగుతున్నాడు. తిప్పేష్ నీళ్లు తాగి వచ్చేలోపు కారు ముందు జాలీ కనిపించకుండా బంతిపూల దండలు కట్టేశారు. తిప్పేష్ ఒక్కో దండా తెంపడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, పూలు పీకుతాండావు?" అన్నాడు గిరి.

"ఇది కారుకు ముక్కన్నా. మూస్తే ఊపిరాడదు."

"పూలు లేకుంటే పెండ్లి కారేంది, పంచాయతీకి పోయే కారేంది?"

చివరికి సగం దండలు ఉన్నాయి, సగం పోయాయి. ఇద్దరికీ తృప్తి లేదు.

మెరవణి కదిలింది. ముందు డీజే బండి, దాని వెనక జనరేటరు. జనరేటరు వదిలే వేడి పొగంతా తిన్నగా ఎర్ర కారు ముక్కులోకి పోతోంది. తిప్పేష్ దిగి పోయి, కొంచెం ముందుకు పొమ్మని డీజే డ్రైవరును బతిమాలాడు. అతను జరిగాడు. ఖాళీ అయిన చోట ఎగిరేవాళ్లు నిండారు. వాళ్లు జరిగేసరికి డీజే బండి మళ్లీ ఆగింది, పొగ మళ్లీ ముక్కులోకి వచ్చింది.

ముల్లు సగం దాటింది. తిప్పేష్ కారు హీటరు పెట్టాడు. ఇంజినులో వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది, అదొక్కటే చేతిలో ఉన్న ఉపాయం. వేడిగాలి అతని మోకాళ్లను, పిక్కలను కాల్చింది. చెమట కళ్లలోకి దిగింది.

"అన్నా, ఏదో గాలి వస్తాండాది, ఏసీ పెట్టినావా?" అని పైనుంచి వంగి అడిగాడు ఆనంద్.

"హీటరు పెట్టినా."

"ఎండాకాలం హీటరేందన్నా?"

"ఇంజినుకు చలి పెడతాండాది లే," అన్నాడు తిప్పేష్. వివరించే ఓపిక లేదు.

ముల్లు ఎర్ర గీతకు దగ్గరైంది. అతను తాళం తిప్పేశాడు. గిరి గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"ఎందుకాపినావు?"

"కాగిందన్నా. రెండు మూడు పాటలు అయ్యేదాంకా సల్లారనీ."

"నడిదారిలో పెండ్లికొడుకు బండి ఆగేది మంచిది కాదప్పా. పోనీ. ఆ మలుపు తిరిగితే హాలే."

"మలుపు తిరిగినాంక కూడా మీవోళ్లు ఎగురుతారు గదన్నా. ఇంజిను పోతాది."

"మా బామ్మర్ది కారు పొద్దుగూకులూ స్టార్టింగ్‌లో ఉంటాది, దానికేం కాదు. నీది డొక్కు బండి అని ముందే చెప్పింటే మేము వేరేది చూసుకుంటాంటిమి కదా."

ఈలోగా పెళ్లికొడుకు అవ్వ మారెక్క పక్క ఇంటి నుంచి బిందెడు నీళ్లు తెచ్చింది. పాపం, ఆమెకు ఎవరూ చెప్పలేదు. కారు కాగిందని విని తనే తెచ్చింది.

"జరుగు నాయనా, పోస్తే సల్లబడుతాది."

తిప్పేష్ బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "వద్దవ్వా. కాగినదాని మీద సల్లనీళ్లు పోయకూడదు."

"పెనం మీద పోస్తే పెనం సల్లారదా?"

"ఇది వంగుతాది అవ్వా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇనుము వంగుతుందట నీళ్లకు. తిప్పేష్‌కు ఒళ్లు మండింది. ఆమె చేతిలో బిందె అందుకుని తన నెత్తిన కుమ్మరించుకున్నాడు. దాంతో నవ్వు ఇంకా పెద్దదైంది.

పెళ్లికూతురు జ్యోతి అప్పటిదాకా తలవంచుకుని కూర్చుంది. ధర్మవరం పట్టుచీర, మెడ నిండా దండలు, కింద పొగగొట్టం సెగకు కాగిన రేకు. ఆమె కుచ్చిళ్లు పట్టుకుని దిగి గిరి వైపు తిరిగింది.

"నేను నడుస్తా మామా. ఈ సెగలో కూచునేకి నాతో కాదు."

ఆమె దిగితే ఆనంద్ దిగాడు. మెరవణి వాళ్లిద్దరినీ నడిపించుకుంటూ మలుపు తిరిగింది. ఎవరో ఫోన్లో తీస్తున్నారు. గిరి వెనక్కి తిరిగి తిప్పేష్ వైపు చూసిన చూపుకు మాటలు అక్కర్లేదు.

రోడ్డు పక్కన కారు, తడిసిన చొక్కాతో తిప్పేష్ మిగిలారు. ఇంజిను చల్లారేదాకా కూర్చున్నాడు. తర్వాత ఆయిల్ కడ్డీ తీసి చూశాడు. తేనెలా ఉంది, నీటి చుక్క కలవలేదు. రేడియేటర్ మూత తీసి చూశాడు. నీళ్లు ఉండాల్సినంత ఉన్నాయి. ఇంటికి పోయేటప్పుడు గాలి తగిలి ముల్లు ఉండాల్సిన చోటికి దిగి కూర్చుంది. ఎక్కడా ఏ దెబ్బా లేదు.

"కారుకు ఏమయింది?" అని అడిగింది ఉమాదేవి. వార్త అతనికన్నా ముందే ఇంటికి చేరింది.

"ఏమీ కాలే."

"ఏమీ కాకుంటే ఎందుకాపినావు?"

"ఏమీ కాకుండా ఉండేకి."

"ఈ మాట వాళ్లకు చెప్పినావా?"

"చెప్పినా. డొక్కు బండి అన్నారు."

తిప్పేష్‌ను తినేసింది అదే. తెగిపోయిన గ్యాస్కెట్‌ను పట్టుకుపోయి చూపిస్తే ఎవరైనా అయ్యో అంటారు. తెగనిదాన్ని ఎక్కడ చూపిస్తాడు? అది ఇంజిను కడుపులో భద్రంగా ఉంది. భద్రంగా ఉందని తెలిసింది తనొక్కడికే. పెళ్లికూతురు రోడ్డు మీద నడిచిన వీడియో మాత్రం ఊరూరా తిరిగింది. ముందే కారు మాట్లాడుకున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. కొందరు ఫోను చేసి చెప్పారు. కొందరు అది కూడా చేయలేదు.

రాజేంద్ర దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాడు.

"మనుషులను మార్చలేం గానీ, కారును మార్చుదాం," అన్నాడు రాజేంద్ర. "బానెట్‌కు రెండు పక్కలా కోసి జాలీలు పెడతా, వేడి పైకి పోతాది. ముందర బంపరు కోసి లారీ రేడియేటర్ కూచోబెడతా. పొద్దంతా నిలబెట్టుకో, అప్పుడు ఏం కాదు."

తిప్పేష్ కారు ముందు భాగాన్ని చూశాడు. ఆ వంపు, ఆ రెండు దీపాలు. "మొకం కోస్తానంటావేమిరా? దాని మొకం చూసే కదా పిలిచేది."

"అయితే మొకం చూసుకుంటూనే సస్తాది."

"ఇంగో ఫ్యాను పెట్టు. కోతలు వద్దు."

రాజేంద్ర లోపలి వైపు చిన్న ఫ్యాను బిగించాడు. బిగిస్తున్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

తర్వాత వచ్చిన పెళ్లి తాడిపత్రిలో. పెళ్లికొడుకు ఉదయ్ కుమార్ వాళ్లది బండల పాలిషు మిల్లు. అతని నాయన బాలప్ప నెమ్మదైన మనిషి. కారును చూసి, "బాగుంది నాయనా, జాగ్రత్తగా తోలు," అన్నాడు, అంతే. తిప్పేష్ ఎప్పుడూ చెప్పే షరతులు నాలుక చివరిదాకా వచ్చాయి. చెబితే ఈ పెళ్లి కూడా పోతుందేమోనని మింగేశాడు.

ఆ ఊళ్లో బండల పొడి, సిమెంటు పొడి గాల్లోనే ఉంటుంది. పొద్దున కడిగిన కారు మధ్యాహ్నానికి తెల్లబడింది. రేడియేటర్ రెక్కల్లో కూడా ఆ పొడి చేరి ఉంటుందని తిప్పేష్‌కు తెలుసు. ఊదించడానికి గాలి మిషను కోసం వెతికాడు గానీ అప్పటికే పిలుపు వచ్చింది.

మెరవణి జోరుగా సాగింది. పెళ్లికొడుకు అక్క సుజాత, ఆమె స్నేహితురాళ్లు కారు ముందు నుంచి కదలడం లేదు. ముల్లు సగానికి వచ్చింది. తిప్పేష్ హీటరు పెట్టాడు. కొత్త ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ముల్లు ఇంకొంచెం పైకి పోయింది. ఆపాలి. చెయ్యి తాళం మీదికి పోయింది.

ఆ క్షణంలో అతనికి గిరి చూపు గుర్తొచ్చింది. నెత్తిన నీళ్లు పోసుకుంటే నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఇంకొక్కసారి కారు నడిదారిలో ఆగితే, ఈ జిల్లాలో తనను ఎవరూ పిలవరు. ఇంకొంచెం దూరమే కదా అనుకున్నాడు. ఎంతోమందిని ఆ మాట అనవద్దన్నవాడు, ఆ మాట తానే అనుకున్నాడు.

ముల్లు ఎర్ర గీతలోకి పోయింది. తిప్పేష్ దాని వైపు చూడడం మానేసి ఎగిరేవాళ్లను చూశాడు. మళ్లీ చూసేసరికి ముల్లు గబగబా కిందికి జారుతోంది. చల్లటి ఇంజినుకు ఉండే చోటికి వచ్చేసింది. ఒక్క లిప్తపాటు అతని ప్రాణం తేలికపడింది. వెంటనే సంగతి అర్థమైంది. ముల్లుకు వేడి చెప్పేది నీళ్లు. ముల్లు పడిపోయిందంటే చెప్పడానికి అక్కడ నీళ్లే లేవు.

కారు వెనక నుంచి తెల్లటి పొగ లేచింది. తియ్యటి వాసనతో, మబ్బులాగా, పెళ్లికూతురు జడను దాటి పైకి. డీజేవాళ్లు వదిలే పొగ అనుకుని జనం ఈలలు వేశారు. "ఇంగా, ఇంగా," అని అరిచారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఇంజిను కుంటి మేకలా రెండుసార్లు తడబడి ఆగిపోయింది. తిప్పేష్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

బాలప్ప దగ్గరికి వచ్చాడు. "ఏమయింది నాయనా?"

"ఇంజిను పోయింది పెద్దాయనా. కాగిపోయింది. మీరు ఏమనుకుంటారో అని ఆపలేదు."

బాలప్ప కారును, అతన్ని మార్చి మార్చి చూశాడు. "అట్ల ముందే చెప్పింటే ఆపుతాంటిమి కదప్పా. పిల్లోళ్లు యాడైనా ఎగురుతారు. దీనికోసరం నీ బండి చెడగొట్టుకుంటావా?"

గిరి తిట్టిన తిట్లన్నీ కలిపినా తిప్పేష్‌ను ఇంతగా కొట్టలేదు. పెళ్లివాళ్లే నలుగురు చెయ్యి వేసి కారును హాలుదాకా తోశారు. కసురుకున్నవాడు ఒక్కడూ లేడు. బాలప్ప పక్కన కూర్చోబెట్టుకుని అన్నం వడ్డించాడు.

రాజేంద్ర ఇంజిను విప్పాడు. ఆయిల్ నీళ్లు కలిసి చిక్కటి టీ రంగులో ఉంది. గ్యాస్కెట్ రెండు చోట్ల తెగింది. అది పెద్ద విషయం కాదు. హెడ్డును లేతు మిషను దగ్గరికి పంపి చదును చేయించాలని చూస్తే, వాల్వుల నడుమ సన్నటి బీట కనిపించింది. వెంట్రుకంత బీట. ఆ మోడలు హెడ్డు బెంగళూరులో దొరకలేదు, చెన్నైలో దొరకలేదు. దేశంలోకి వచ్చిందే కొద్ది కార్లు.

"నువ్వు కోస్తానన్నప్పుడే కొయ్యనిచ్చింటే?" అని అడిగాడు తిప్పేష్.

రాజేంద్ర చేతులు తుడుచుకుని, విప్పిన బోల్టులను ఏరి డబ్బాలో వేశాడు.

ఆ ఎండాకాలమంతా తిప్పేష్ ఇతరుల టెంపోలు తోలాడు. ఇంటికి వస్తే కారు కేసి చూసేవాడు కాదు. బయటికి పోతూ పోతూ దాని చక్రాన్ని ఒక తన్ను తన్నిన రోజులు కూడా ఉన్నాయి. తుక్కువాడికి కబురు పెడతానన్నాడు. అప్పుడు ఉమాదేవి నోరు విప్పింది.

"మెరవణికి ఇంజిను ఏలా?"

"ఏమంటాండావు?"

"మెరవణి నడిచే నడకకు ఎద్దు చాలు. మా అన్నకు చిన్న ట్రాక్టరు ఉండాది కదా. ముందర దాన్ని పూలతో అలంకరించి, నడుమ ఇనుప కడ్డీ తగిలించి లాగితే సరి. కాగేది లేదు, పగిలేది లేదు. నువ్వు స్టీరింగు పట్టుకో సాలు."

"స్పోర్ట్స్ కారును ట్రాక్టరుతో లాగించల్లనా?"

"ఇన్నాళ్లూ నువ్వు దాన్ని ఏం ఉరికించినావని?"

తిప్పేష్ లేచి బయటికి పోయాడు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు రాజేంద్ర దగ్గరికి పోయి, కడ్డీ తగిలించేందుకు కొక్కెం వేయించుకున్నాడు. బరువు తగ్గుతుందని ఇంజినును అక్కడే దించేశారు.

ఇప్పుడు పెళ్లిళ్లకు కొదవ లేదు. ఫోన్లు ఉమాదేవి ఎత్తుతుంది, రోజులు ఆమే చెబుతుంది. కారు ఎక్కడా కాగి ఆగిపోదు, ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగుతుంది. పెళ్లికూతుళ్లకు కింద సెగ లేదు. ఇంజిను లేదని తెలిసినా ఎవరూ ఏమీ అనరు. చాలామందికి తెలియదు కూడా.

మొన్న ధర్మవరంలో ఒక పెళ్లికొడుకు పైనుంచి వంగి తిప్పేష్ భుజం తట్టాడు. "అన్నా, ఒగతూరి గట్టిగా రేజ్ ఇయ్యి. వీడియోకు కావల్ల."

తిప్పేష్ కాలు అలవాటుగా యాక్సిలరేటరును తొక్కింది, ఏ చప్పుడూ రాలేదు. ట్రాక్టరు పక్కన నడుస్తున్న ఉమాదేవి ఆ మాట విని డీజే కుర్రాడికి సైగ చేసింది. అతను ఫోన్లో ఏదో నొక్కాడు. అంతెత్తు స్పీకర్లలో నుంచి పందెం కారు గర్జన లేచింది. ఒకటి, ఇంకొకటి, ఆపకుండా. జనం గంతులు వేశారు. పెళ్లికొడుకు రెండు చేతులూ పైకెత్తాడు.

"ఎట్లుంది?" అని అడిగింది ఉమాదేవి, కారు పక్కకు వచ్చి.

"అది మన బండి సౌండు కాదు," అన్నాడు తిప్పేష్. "అది ఎనిమిది సిలిండర్లది."